గుండెపోటు అని రాసిన ఏడాది

ఏలూరులో ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్ డెస్కులో ఇరవై ఆరేళ్లు పనిచేసి, రెండేళ్ల కిందట రిటైరయ్యాను. మొన్న డిసెంబరు మొదట్లో, నేను చూసిన పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, ఈ ఏడాది పోయినవాళ్ల పేజీ నాకిచ్చారండి. ఎలా చెయ్యాలో కాస్త చెప్తారా?" అంది.

ఫోన్‌లో చెప్పగలిగింది చెప్పాను. ఇంటిపేర్లు సరిచూసుకోమన్నాను. ఒకరి ఫొటో ఇంకొకరి పేరు మీద పడకుండా చూసుకోమన్నాను. ఎవరైనా పోయారని వార్త వస్తే ఆ ఇంటికి ఫోన్ చేసి కనుక్కోకుండా రాయొద్దన్నాను. ఫోన్ పెట్టేశాక, ఇవన్నీ ఎవరైనా చెప్పే మాటలే కదా అనిపించింది. నేను చెప్పాల్సింది వేరే ఉంది. అది ఫోన్‌లో చెప్పేది కాదు కాబట్టి రాస్తున్నాను.

ప్రముఖులంటే ఎవరు

ఏటా డిసెంబరు ఆఖర్న మా ఎడిషన్‌లో ఒక పేజీ వచ్చేది. ఆ ఏడాది జిల్లాలో కన్నుమూసిన ప్రముఖులందరినీ అందులో వేసేవాళ్లం. ఒక్కొక్కరికి చిన్న ఫొటో, నాలుగు లైన్లు. డెస్కులో ఎవరికీ ఆ పని ఇష్టం ఉండేది కాదు. చావు కబుర్లు ఆడమనిషి అయితే ఓపిగ్గా రాస్తుందని మొదటి ఏడాది నాకిచ్చారు. తర్వాత అది నాకే ఉండిపోయింది.

ఆ పేజీలో ఎవరుండాలో తేల్చేది మా ఎడిషన్ ఇన్‌ఛార్జి సూర్యనారాయణ గారు. మాజీ ఎమ్మెల్యేలు, రైస్ మిల్లర్లు, పేరున్న డాక్టర్లు, జంగారెడ్డిగూడెం పొగాకు వ్యాపారులు, కాలేజీలు పెట్టినవాళ్లు, పాత నాటకాల నటులు ఉండేవారు. ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే. "ఎంతమందికి తెలుసండీ ఈయన?"

ఒక ఏడాది కొల్లేటి లంక గ్రామాల్లో చాలా ఏళ్లు పురుళ్లు పోసిన ఒక మంత్రసాని చనిపోయింది. అక్కడి విలేకరి రెండు పేరాలు పంపాడు. ఏడాది చివరి పేజీలో ఆవిణ్ణి పెడదామన్నాను.

"ఆవిడ ఎవరికి తెలుసండీ పద్మావతి గారూ?" అన్నారు సూర్యనారాయణ గారు.

"ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లందరికీ తెలుసండి."

"వాళ్లు మన పేపరు వేయించుకుంటారా?"

ఆవిడ పేరు కొట్టేశాను. ఆ జాగాలో ఒక మిల్లరు గారి తమ్ముణ్ణి వేశాం. ఆయన అన్నగారికి తమ్ముడు కావడం తప్ప ఏం చేశారో నాలుగు లైన్లు నింపడానికి నానా తంటాలు పడ్డాను. సూర్యనారాయణ గారు చెడ్డవారు కాదు. పని తెలిసిన మనిషి. అక్షరం తప్పు పోతే ఊరుకునేవారు కాదు. కానీ ఇన్నేళ్ల తర్వాత నాకు తెలిసింది చెబుతాను. ఆ పేజీలో ప్రముఖులంటే ఎక్కువ సార్లు మా ఆఫీసు ఫోన్ నంబరు ఉన్న ఇళ్లవాళ్లే.

ఇంటివాళ్ల మాట

మరణ వార్తలో ఎలా పోయారన్నది ఒక్క మాటే ఉంటుంది. ఆ ఒక్క మాట దగ్గరే ఇంటివాళ్లు మనల్ని బతిమాలతారు.

పురుగుల మందు తాగి పోయిన కౌలు రైతుకు కడుపు నొప్పి అని రాయమన్నారు, చెల్లెలి పెళ్లి ఆగిపోతుందని. తాగి తాగి కాలేయం పాడై పోయిన ఒక పెద్దమనిషికి స్వల్ప అస్వస్థత అని రాయమన్నారు. రాశాను. చచ్చిపోయేంత స్వల్ప అస్వస్థత ఏమిటని ఒక్క పాఠకుడూ అడగలేదు. మొదట్లో చెయ్యి ఆడేది కాదు. తర్వాత అలవాటైపోయింది. ఏడుస్తున్న మనిషి ఫోన్‌లో అడిగితే కాదనడం దయలేనితనం అనుకునేదాన్ని. పోయినవాళ్లు ఎలాగూ పోయారు, ఉన్నవాళ్లకు కాస్త మేలు జరిగితే ఏం పోయింది అనుకునేదాన్ని. సూర్యనారాయణ గారిదీ అదే పద్ధతి. "ఇంటివాళ్లు ఏం చెబితే అదే మన మాట. మనమేం డాక్టర్లమా?" అనేవారు.

మూర్తి మేస్టారు

కరోనా రెండోసారి ముంచుకొచ్చిన వేసవి అది. డెస్కులో సగం కుర్చీలు ఖాళీ. విలేకరులు చాలామంది మంచాన పడ్డారు. రోజూ వచ్చే మరణ వార్తలకు చోటు చాలక, ఫొటోలు తీసేసి పేర్లు మాత్రం వేస్తున్నాం.

ఒక మధ్యాహ్నం ప్రసాద్ గారు ఫోన్ చేశారు. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. ఆయన తండ్రి మూర్తి మేస్టారు ఉంగుటూరు దగ్గర ఒక ఊళ్లో హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. లెక్కల మేస్టారు. పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో పుట్టి, ఆ వృత్తి వదిలి బడిలో చేరారు. కొల్లేటి ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు పొద్దున్నే తన వరండాలో లెక్కలు చెప్పి, వాళ్లకు టిఫిను పెట్టించి బడికి తీసుకెళ్లేవారు. ఆయన మీద అంతకు కొన్నేళ్ల ముందు నేనొక వ్యాసం రాశాను. ప్రసాద్ గారి దగ్గర నా నంబరు అప్పటిదే.

"నాన్నగారు పోయారండి," అన్నారు.

"అయ్యో, ఎలా అండీ?"

"ఊపిరాడలేదండి. మొన్న టెస్టులో పాజిటివ్ వచ్చింది. గూడెంలో రెండు ఆసుపత్రులు తిరిగాం, మంచాలు లేవన్నారు. ఇంటికి తెచ్చేశాం. అమ్మక్కూడా నిన్నట్నుంచి జ్వరం." గొంతు తగ్గించారు. "మేడమ్, గుండెపోటని రాయండి."

ఎందుకో కూడా ఆయనే చెప్పారు. "కరోనా అని తెలిస్తే పాడె మోయడానికి నలుగురు రారండి. మా చుట్టాలే రారు. అంతమందికి చదువు చెప్పిన మనిషిని చెత్త ట్రాక్టరు మీద తీసుకెళ్లాలండి. ఆ పని నావల్ల కాదు."

అప్పుడు అలాగే జరుగుతోంది. ప్రతిరోజూ వింటున్నాం. నాకు ఆయన మీద జాలి కలిగింది. సూర్యనారాయణ గారికి సంగతి చెప్పాను. ఆయన తలెత్తకుండానే "వాళ్లు చెప్పిందే రాసేయండి" అన్నారు. మేస్టారికి మాత్రం ఫొటో వేద్దామన్నారు. గుండెపోటుతో కన్నుమూశారు, అంత్యక్రియలు మర్నాడు ఉదయం స్వగ్రామంలో అని రాశాను.

ఇక్కడిదాకా నేను చేసింది అంతకుముందు చాలాసార్లు చేసిందే.

ఏడు గంటల ఫోన్

మర్నాడు ఉదయం ఏడింటికి ఇంట్లో ఉండగా ఫోన్ మోగింది.

"ఆయ్, నాగరాజునండి మేడమ్."

నాగరాజు గారిది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. చేపలు పట్టుకునే కుటుంబం. వాళ్ల ఊళ్లో మొదట డిగ్రీ చదివింది ఆయనే. వరద వచ్చినప్పుడల్లా తాటి దోనెల్లో ముసలివాళ్లనూ గర్భిణులనూ రోడ్డెక్కించేవారు. సరస్సులోకి వచ్చే పక్షుల్ని ఏళ్ల తరబడి లెక్కపెట్టి నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. యూనివర్సిటీల నుంచి వచ్చేవాళ్లు ముందు ఆయన ఇల్లు అడిగేవారు. ఆయన గురించి మా పేపర్లో మూడుసార్లు రాసింది నేనే. ఎప్పుడు కలిసినా మూర్తి మేస్టారి వరండా గురించి చెప్పకుండా వదిలేవారు కాదు.

"పేపరు చూశానండి. మేస్టారు పోయారంట," అన్నారు.

"అవునండి నాగరాజు గారూ."

"గుండెపోటేనాండి?"

"ఎందుకలా అడుగుతున్నారండి?" అన్నాను.

"ఏమీ అనుకోకండి మేడమ్. ఇంట్లో ఆవిడకి ఉబ్బసమండి. ఈ రోజుల్లో కరోనా అంటే తనకి ప్రమాదం. అందుకని అడుగుతున్నాను. గుండెపోటైతే ఇప్పుడే బయలుదేరతానండి."

చెప్పడానికి నాకు చాలినంత సమయం ఉంది. నాగరాజు గారూ, వెళ్లకండి, దూరం నుంచే దండం పెట్టుకోండి అంటే సరిపోయేది. అలా అంటే పేపర్లో అబద్ధం రాసినట్టు నేనే ఒప్పుకోవాలి. ప్రసాద్ గారికి ఇచ్చిన మాట తప్పాలి. నాగరాజు గారు ఆ మాట ఇంకో నలుగురితో అంటే ఆ ఇంటి ముందుకు ఒక్కరూ రారు. ఇవన్నీ ఆ కాసేపట్లోనే తోచాయి. తోచినప్పుడు ఇవన్నీ న్యాయమైన కారణాల్లాగే ఉన్నాయి.

"పేపర్లో వేశాం కదండీ," అన్నాను.

"అదేలెండి. మీరు చెప్పారు, చాలు. ఉంటానండి," అని పెట్టేశారు.

ఆ రోజు ఏం జరిగిందో తర్వాత తెలిసింది. గుండెపోటని రాసినా చుట్టాలు ఇద్దరే వచ్చారు. వీధిలోవాళ్లు గుమ్మాల్లోనే నిలబడ్డారు. నలుగురు కూడడానికి గంట పైన పట్టింది. పాడెకు మొదట భుజం పెట్టింది నాగరాజు గారు. శ్మశానం దాకా మార్చుకోకుండా మోశారు. తిరిగొచ్చి, ప్రసాద్ గారి చెయ్యి పట్టుకుని చాలాసేపు ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నారు.

రెండు వారాలు తిరక్కుండా, ఏలూరులో ఒక ఆసుపత్రి నుంచి మా విలేకరి వార్త పంపాడు. కొల్లేరు పక్షుల నాగరాజు కరోనాతో మృతి. ఆ వార్త దిద్దడానికి నా టేబుల్ మీదికే వచ్చింది. రెండు అక్షరదోషాలున్నాయి, దిద్దాను. పేజీకి పంపాను. లేచి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను.

పాడె మోసిన మిగతా ముగ్గురికీ ఏమైందో నేను కనుక్కోలేదు. నా తప్పుల్లో అదొకటి. కనుక్కోవడానికి భయపడ్డాను.

ఫొటో కోసం

డిసెంబరు వచ్చింది. ఆ ఏడాది జాబితా అంతకు ముందు ఏ ఏడాదీ లేనంత పెద్దది. సూర్యనారాయణ గారు చాలా పేర్లు కొట్టేశారు. మూర్తి మేస్టారు, నాగరాజు గారు ఇద్దరూ మిగిలారు.

నాగరాజు గారి ఫొటోలు ఆఫీసులో ఉన్నాయి. అయినా ఇంటి నుంచి ఒకటి తెస్తానని చెప్పి వాళ్ల ఊరు వెళ్లాను. ఫొటో వంకే. ఆయన భార్యను చూడాలని వెళ్లాను. చూసి ఏం చెయ్యాలో మాత్రం అనుకోలేదు.

ఆవిడ పేరు సత్యవతి. చిన్న శ్లాబు ఇల్లు. గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నారు. మాట్లాడుతుంటే మధ్యమధ్య ఊపిరి అందడం లేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, లోపలికెళ్లి ఫొటో తెచ్చారు. దోనె కొసన నిలబడి నవ్వుతున్న ఫొటో.

"ఇది బాగుంటుందాండి?" అన్నారు.

"బాగుందమ్మా."

"నేను వద్దన్నానండి ఆ రోజు. రోజులు బాగోలేవు, తర్వాత వెళ్లి పలకరిద్దురు గానీ అన్నాను. ‘పేపరాఫీసులో మేడమ్ గారికి ఫోన్ చేసి కనుక్కున్నాను, గుండెపోటేనంట, భయం లేదు’ అన్నారండి." ఆవిడ నా వైపు చూశారు. "ఆ మేడమ్ గారు మీరేనాండి?"

"నేనేనమ్మా."

"ఇంటివాళ్లు మీక్కూడా చెప్పలేదన్నమాట," అన్నారావిడ. నన్ను ఓదారుస్తున్నట్టే అన్నారు.

అక్కడితో లేచి వచ్చేయొచ్చు. ఆవిడే నాకు దారి ఇచ్చారు. నన్ను అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు. కానీ ఆ ఫొటో ఒళ్లో పెట్టుకుని ఆ ఓదార్పు తీసుకోలేకపోయాను.

"చెప్పారమ్మా," అన్నాను. "నాకు తెలుసు. కరోనా అని తెలిసే గుండెపోటని రాశాను. ఆయన అడిగినప్పుడు కూడా తెలుసు."

సత్యవతి గారు చేట పక్కన పెట్టారు. అరవలేదు, ఏడవలేదు.

"తెలిసే చెప్పారా?"

"తెలిసే."

"ఎందుకండి?"

"వాళ్లబ్బాయి అడిగాడమ్మా. నలుగురూ రారని భయపడ్డాడు."

ఆవిడ కాసేపు ఊపిరి తీసుకున్నారు. "మా ఆయన కూడా అడిగారు కదండి," అన్నారు.

ఒళ్లో ఫొటోలోని ఆయన వైపు చూశాను.

తర్వాత ఆవిడ చెయ్యి చాపారు. "పేరు రాయండి. ఎలా పోయారో రాయండి. ఎవర్ని మోసొచ్చి పోయారో అదీ రాయండి. ఫొటో మాత్రం ఇచ్చేయండి."

ఇచ్చాను. లోపలికి తీసుకెళ్లారు. మళ్లీ బయటికి రాలేదు. ఆవిడ కోసం చాలాసేపు నిలబడి, బస్సు కోసం రోడ్డు దాకా నడిచాను.

పేజీ

నాగరాజు గారి గురించి ఆవిడ చెప్పినట్టే రాశాను. తన గురువు పాడె మోసి వచ్చాక కరోనా సోకి కన్నుమూశారని. ఆ లైను నిలవాలంటే మేస్టారి లైను మారాలి. లేకపోతే రెండూ ఒకదాని పక్కన ఒకటి అబద్ధమూ నిజమూ అయి కూర్చుంటాయి.

సూర్యనారాయణ గారికి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"ఇప్పుడు దిద్దితే ఎవరికి లాభమండీ? పోయినాయన లేచి రాడు. మేస్టారి కుటుంబం పరువు పోతుంది. మనం అబద్ధం రాశామని మనమే చెప్పుకున్నట్టు."

"చెప్పుకోవాలి కదండీ మరి."

"ఆ రోజు రాయమన్నది నేను. మీరెందుకు మోస్తారు?"

"ఫోన్ ఎత్తింది నేనండి," అన్నాను.

ఆయన కాగితం మళ్లీ ఒకసారి చదివారు. చివరికి "ఇంటివాళ్లు ఒప్పుకుంటే వేద్దాం" అన్నారు. అంతకంటే ముందుకు ఆయన రాలేరని నాకు తెలుసు.

ప్రసాద్ గారికి ఫోన్ చేశాను. ఏడాది చివరి పేజీలో ఆయన తండ్రి కరోనాతోనే పోయారని రాస్తానన్నాను.

"అమ్మ ఉందండి ఇంకా. ఊళ్లో మొహం చూపించుకోవాలి," అన్నారు. తర్వాత, "ఇప్పుడెందుకు మేడమ్ అదంతా?" అన్నారు.

"నాగరాజు గారు పోయారు ప్రసాద్ గారూ. నాన్నగారిని మోసొచ్చాక రెండు వారాల్లోపే."

"నాగరాజు గారా?" అన్నారు. అవునన్నాను.

"ఆ నెలంతా మేం ఆసుపత్రిలోనే ఉన్నామండి," అన్నారు. "ఎవరూ చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారండి ఆయన." తర్వాత, "రాసేయండి," అన్నారు.

పేజీ వచ్చింది. మూర్తి మేస్టారి ఫొటో కింద కరోనాతో కన్నుమూశారని, అప్పట్లో మా పత్రిక గుండెపోటు అని తప్పుగా రాసిందని వేశాం. ‘తప్పుగా’ అన్న మాట సూర్యనారాయణ గారే కలిపారు. ‘తెలిసి’ అన్న మాట నేను కలపబోతే వద్దన్నారు. పేజీ పెట్టే ఆయన, నాగరాజు గారి పాత ఫొటోలు ఆఫీసులో ఉన్నాయి కదా, ఒకటి వాడదామన్నారు. వద్దన్నాను. ఆ పేజీలో ఫొటో లేని మనిషి ఆయనొక్కరే.

కొత్తగా వచ్చిన అమ్మాయికి చెప్పాల్సింది ఇదే. ఎలా పోయారన్న మాట పోయినవాళ్ల గౌరవం కోసం రాసేది కాదు. ఆ ఇంటికి వెళ్లబోయేవాళ్ల కోసం రాసేది. ఏడ్చేవాళ్లు నీకు ఫోన్ చేస్తారు, వాళ్ల గొంతు నీకు వినిపిస్తుంది. మర్నాడు పేపరు చూసి చెప్పులేసుకునేవాళ్ల గొంతు వినిపించదు. నాకు అదీ వినిపించింది. అయినా అబద్ధమే చెప్పాను. కాబట్టి నన్ను చూసి నేర్చుకోమనడం లేదు. ఇలా జరిగిందని చెబుతున్నాను.

పేజీ వచ్చిన రోజు ఉదయం పదింటికి ప్రసాద్ గారు ఫోన్ చేశారు.

"మేడమ్, నాగరాజు గారి ఊరికి ఎలా వెళ్లాలండి?"

బస్సు ఎక్కడ దిగాలో, గట్టు మీద ఎంత దూరం నడవాలో, ఇల్లు ఎవరిని అడగాలో చెప్పాను. రాసుకున్నారు.

"నేనూ వస్తానండి," అన్నాను.

"మీరొద్దండి," అన్నారు. "మొదట నన్నొక్కణ్ణే వెళ్లనివ్వండి."

ఆ రోజే వెళ్లారని తర్వాత విన్నాను. సత్యవతి గారు తలుపు తీశారో లేదో, తీస్తే ఏమన్నారో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.